నాస్ నుంచి కంప్యూటర్ రిస్టోర్: మూడేళ్లు వాడాక వీమ్ ఏజెంట్ గురించి

పాలకొల్లులో ఒక బిల్లింగ్ ఆఫీసు. 4 విండోస్ కంప్యూటర్లు, వరద నీటికి అందకుండా మేడ మీద పెట్టిన 2 డిస్కుల నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె). రోజూ రాత్రి వీమ్ ఏజెంట్ అనే ఉచిత బ్యాకప్ ప్రోగ్రామ్ ప్రతి కంప్యూటర్ ఇమేజ్‌నీ (విండోస్‌తో సహా మొత్తం డిస్కు నకలు) అందులోకి పంపుతుంది. ఇప్పటికి 5 సార్లు రిస్టోర్ చేశాం. బిల్లులు, ప్రింటర్ సెట్టింగులతో సహా అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగొచ్చాయి. విండోస్‌తో వచ్చే సిస్టమ్ ఇమేజ్ మాకు పనికిరాలేదు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో అది ఒక్క కాపీయే ఉంచుతుంది, కొత్తది పాతదాన్ని చెరిపేస్తుంది. ఆ రాయడం మధ్యలో కరెంటు పోతే రెండూ పోయినట్టే.

ప్రాణమంతా రికవరీ పెన్‌డ్రైవ్‌లో ఉంది, అంటే విండోస్ లేవనప్పుడు కంప్యూటర్‌ని బూట్ చేసి రిస్టోర్ మొదలుపెట్టేది. కంప్యూటర్ బాగున్నప్పుడే, దాని మీదే, హార్డ్‌వేర్ డ్రైవర్లు కలిపే టిక్ పెట్టి తయారుచేసుకోవాలి. లాన్ (నెట్‌వర్క్ కేబుల్ పోర్టు) డ్రైవర్ లేకపోతే నెట్‌వర్క్ అసలు కనిపించదు. 11వ తరం ఇంటెల్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్) డ్రైవర్ లేక ఎస్‌ఎస్‌డీయే కనబడకపోవచ్చు. ఆ కంప్యూటర్‌లోని విండోస్ యూఈఎఫ్‌ఐలో (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) ఉంటే పెన్‌డ్రైవ్‌నీ యూఈఎఫ్‌ఐలోనే బూట్ చేయాలి.

బూట్ అయ్యాక బేర్ మెటల్ రికవరీ (మొత్తం కంప్యూటర్‌ని తిరిగి తేవడం), నెట్‌వర్క్ స్టోరేజ్, షేర్డ్ ఫోల్డర్ ఎంచుకోండి. నాస్ పేరు కొడితే చాలాసార్లు దొరకదు. నాస్‌కి రౌటర్‌లో ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) మారకుండా కట్టేసి, ఆ అంకెలనే పెన్‌డ్రైవ్‌కి అంటించిన చీటీ మీద రాసి ఉంచండి. కంప్యూటర్ ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం, ముందు కేబుల్ చూడండి. కొత్త ఎస్‌ఎస్‌డీ పాతదానికన్నా చిన్నదైతే మాన్యువల్ రిస్టోర్‌లోకి వెళ్లి పార్టిషన్ సైజు తగ్గించాలి.

మా వైపు అసలు ఇబ్బంది కేబులే. సముద్రపు గాలికి ప్లగ్గులోని 8 పిన్నుల్లో ఏదో ఒకటి పచ్చగా చిలుం పడుతుంది. గిగాబిట్‌కి 8 తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి 4 చాలు. అందుకే మిగతా 4లో ఒకటి పాడైతే లింకు తెగిపోకుండా, చెప్పాపెట్టకుండా 100కి పడిపోతుంది. 200 జీబీ ఇమేజ్ గిగాబిట్ మీద ముప్పావు గంటలోపే దిగుతుంది, 100 మీదైతే 5 గంటలు. వేగం సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోయిందంటే రిస్టోర్ ఆపి కేబుల్ మార్చడమే మేలు. వైఫై జోలికి వెళ్లకండి.

యూపీఎస్ కంప్యూటర్‌కి ఒక్కదానికే పెడితే లాభం లేదు. కంప్యూటర్, రౌటర్, స్విచ్, నాస్ నాలుగూ యూపీఎస్ మీదే ఉండాలి. మధ్యలో ఏది ఆరినా డిస్కు సగం రాసి ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

నచ్చనిది ఒకటే. ఉచిత వెర్షన్‌లో ఒకే బ్యాకప్ జాబ్ పెట్టుకోగలం. అదే ఇమేజ్ మరో డిస్కులోకీ వెళ్లాలంటే నాస్ నుంచి విడిగా కాపీ చేసుకోవాల్సిందే.