హర్షీ, కార్లైల్: పాత పికప్ ట్రక్కు కొనేవాళ్ళ యాత్ర

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకు పాత పికప్ ట్రక్కు మీద మనసు పడితే మరీ దూరం పోనక్కర్లేదు. పెన్సిల్వేనియాలోని హర్షీ రెండున్నర గంటల దారి, అక్కణ్ణించి కార్లైల్ ఇంకో ముప్పావు గంట. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో కార్లైల్‌లో ఫాల్ కార్లైల్ అనే పాత బళ్ళ సంత జరుగుతుంది. మామూలుగా ఆ మరుసటి వారమే హర్షీలో ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా వారి ఫాల్ మీట్. హర్షీది 1955 నుంచి నడుస్తున్న సంత, కార్లైల్‌ది 1974 నుంచి. ఒక్కదానికే వీలుంటే ఏది? బండి కొనాలంటే కార్లైల్, విడిభాగాలు కావాలంటే హర్షీ. ట్రక్కులే చూడాలనుకుంటే కార్లైల్‌లోనే ఆగస్టులో జరిగే ట్రక్ నేషనల్స్ ఉంది. కాకపోతే అది ముస్తాబు చేసి తెచ్చిన బళ్ళ ప్రదర్శన. బేరమాడే వాతావరణం ఫాల్ సంతల్లోనే ఉంటుంది.

దారి సులువు. 287 హైవే మీద బ్రిడ్జ్‌వాటర్ దాకా వచ్చి (పొద్దున్నే బయల్దేరితే వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకునే పోవచ్చు) 78 పట్టుకుంటే అది 81లో కలుస్తుంది. ఎగ్జిట్ 80 దగ్గర గ్రాంట్‌విల్‌లో దిగి 743 మీద దక్షిణానికి తిరిగితే హర్షీ. కార్లైల్‌కైతే 81 మీదే ముందుకు.

బస విషయంలో హర్షీ ఊళ్ళో గది కోసం పాకులాడకండి. పోయినేడు వచ్చినవాళ్ళే వెళ్ళేటప్పుడు మళ్ళీ బుక్ చేసుకుపోతారు, మిగిలినవాటి ధర ఆ వారం కొండెక్కుతుంది. గ్రాంట్‌విల్ ఎగ్జిట్ దగ్గరి హోటళ్ళు నయం. అంతకన్నా నయం కార్లైల్‌లో హారిస్‌బర్గ్ పైక్ మీది మోటళ్ళు. రాత్రంతా లారీల చప్పుడు తప్పదు గానీ, స్థలం విశాలం. కొన్న బండిని ఎక్కించుకొచ్చే ట్రైలరుతో వెళ్ళేవాళ్ళకు అదే ముఖ్యం. లాగే బండీ పద్దెనిమిది అడుగుల ట్రైలరూ కలిపితే నలభై అడుగులు దాటుతుంది. గది అడిగేటప్పుడే ట్రైలరు వెనక్కి తీయకుండా తిప్పుకునే చోటుందా, రాత్రి అక్కడ దీపం వెలుగుతుందా అని ఫోన్లో అడగండి.

తిండికి, శాకాహారులు పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్ళడమే మేలు. సంతలో దొరికేవి ఫ్రెంచ్ ఫ్రైలు, ప్రెట్జెళ్ళు, ఫనెల్ కేకులు. ఒకప్పుడు హర్షీ అంటే మోకాటిలోతు బురద అనేవారు. ఇప్పుడు దాదాపు అంతా తారు నేల. రోజంతా మైళ్ళకొద్దీ నడక, పొద్దున్నే చలి గట్టిగా ఉంటుంది. జేబులో నాలుగు వస్తువులు తప్పనిసరి: పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చి, పళ్ళ డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం, మీకు కావలసిన భాగాల కొలతలు రాసుకున్న కాగితం.

ఇక బళ్ళు. ఎక్కువగా కనిపించేవి 1947–55 షెవర్లే అడ్వాన్స్ డిజైన్, 1948–52 ఫోర్డ్ ఎఫ్-1, 1953–56 ఎఫ్-100. అక్కడక్కడా డాడ్జ్ పవర్ వ్యాగన్, స్టూడ్‌బేకర్. ఈ 1953–56 ఎఫ్-100ల్లో పక్కలకి చుట్టుకున్న ముందద్దం 1956 బండికే వచ్చింది, అందుకే దాని రేటు వేరు. మొదటిసారి కొనేవాళ్ళకు షెవర్లే 3100 (అడ్వాన్స్ డిజైన్‌లో అర టన్ను మోసే తరగతి) బండే సరైనది. దాని విడిభాగాలు కొత్తవి తయారై దొరుకుతున్నాయి.

3100 ముందు నిలబడ్డప్పుడు రంగు వైపు చూడొద్దు. క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) వెనక కింది మూలల దగ్గర కూర్చోండి. నీరూ మట్టీ చేరి లోపల్నుంచి తినేసేది అక్కడే. అయస్కాంతం పైన గట్టిగా పట్టుకుని కిందికొచ్చేసరికి జారిపోతే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. తరవాత తలుపు కింది అంచులు, కాళ్ళు పెట్టుకునే చోటి పక్క రేకులు, క్యాబ్‌ను ఫ్రేముకు బిగించే చోట్లు, అంటే క్యాబ్ మౌంట్లు. మూలలకు ప్యాచ్ రేకులు దొరుకుతాయి, వెల్డింగు తెలిసిన మనిషికి అది పెద్ద పనే కాదు. క్యాబ్ మౌంట్లు పోతే మాత్రం తలుపుల వరస తప్పుతుంది, క్యాబ్ ఎత్తాల్సి వస్తుంది. తలుపు మూసేటప్పుడు కాస్త పైకెత్తి వెయ్యాల్సి వస్తోందంటే ముందు కీలు పిన్ను అరిగిందా చూడండి. అది బాగానే ఉంటే అనుమానం క్యాబ్ మౌంట్ల మీదే.

బానెట్ ఎత్తాక అసలు ప్రశ్న 216 ఇంజినా, 235 ఇంజినా (క్యూబిక్ అంగుళాల్లో ఇంజిను కొలత) అన్నది. 1953 దాకా 3100లో వచ్చింది 216. దాని కనెక్టింగ్ రాడ్ బేరింగులు బాబిట్ అనే మెత్తటి లోహం పోత పోసినవి, వాటికి ఆయిలు పంపు ఒత్తిడితో కాక చిమ్మే పద్ధతిలో అందుతుంది. వెనక ఆక్సిల్ గేరు నిష్పత్తి 4.11, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు నాలుగుసార్లకు పైగా తిరగాలి. హైవే మీద గంటకు 60 మైళ్ళు తోలితే ఇంజిను అరుపందుకుంటుంది, ఆ బేరింగులు తట్టుకోవు. 45–50కి మించకుండా తోలేవాళ్ళకు అది నమ్మకమైన ఇంజినే. 1954 నుంచి 3100లో వచ్చిన 235 హైవేకి ఎంతో మెరుగు, అందుకే చాలామంది 216 తీసేసి ఆ 235 పెట్టించారు. గుర్తుపట్టడం తేలిక. వాల్వ్ కవరు పైన మధ్యలో రెండు నట్లుంటే పాతరకం. కింది అంచు వెంట నాలుగు స్క్రూలుంటే 1954 నుంచి వచ్చిన 235. 216 పక్క కవరు స్పార్క్ ప్లగ్గుల చుట్టూ పైదాకా పొడుగ్గా ఉంటుంది. ఇంజిను వేడెక్కాక యాక్సిలరేటరు నొక్కి మెల్లగా వదలమనండి. వదిలే క్షణంలో టకటకమంటే రాడ్ బేరింగు వదులైంది. 216లో రాడ్ క్యాప్ కింద షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకు ముక్కలు) ఉంటే పల్చటిదొకటి తీసి సరిచేయొచ్చు. షిమ్ములు అయిపోయి ఉంటే మళ్ళీ బాబిట్ పోయించాలి. ఆ పని చేసే చేతులు ఇప్పుడు తక్కువ. ఆయిల్ గేజి 30 దాకానే ఉందని, ముల్లు సగం దగ్గరే నిలిచిందని భయపడకండి, ఆ ఇంజినుకు అది మామూలే.

బ్రేకుల సంగతి చాలామంది అడగరు. 1950 దాకా హక్ రకం బ్రేకులు, 1951 నుంచి వాటికన్నా మెరుగైన బెండిక్స్ రకం. రోజూ వాడదలిస్తే 1951 తర్వాతి బండి చూసుకోవడమే మంచిది. ఏ ఏడాదిదైనా మాస్టర్ సిలిండరు (బ్రేకు ఆయిలును చక్రాలకు నెట్టేది) ఒకటే గది, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. కాబట్టి రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి వేయించకుండా రోడ్డెక్కొద్దు.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. డ్రైవరు తలుపు కీలు స్తంభం మీది ప్లేటు నంబరూ టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరూ అక్షరం అక్షరం సరిచూడండి. అర టన్ను షెవర్లేలో జీపీ ఉంటే 1949, హెచ్‌పీ 1950, జేపీ 1951, కేపీ 1952. ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాలు ఇంజిన్ నంబరు మీద టైటిల్ ఇచ్చాయి. ఇంజిను మారి ఉంటే ఆ నంబరు బండిలో ఎక్కడా కనిపించదు, రిజిస్ట్రేషన్ దగ్గర నెలలు పడుతుంది. పెన్సిల్వేనియా టైటిలైతే అమ్మేవాళ్ళ సంతకం నోటరీ ఎదుట చేయించుకోండి. శని, ఆదివారాల్లో నోటరీ ఎక్కడ దొరుకుతారో బయల్దేరక ముందే కనుక్కోవాలి. బీమా ముందే ఒప్పుకున్న విలువ మీద తీసుకోండి. మామూలు కారు బీమాలో అరవై డెబ్భై ఏళ్ళ బండికి తరుగు పోగా మిగిలేది ఏమీ ఉండదు.

ఇంటికి ట్రైలరు మీదే తేవాలి, తోలుకుని రావొద్దు. 3100 బరువు సుమారు 3,200 పౌండ్లు. ట్రైలరూ బండీ కలిసిన బరువులో పది శాతం పైచిలుకు హిచ్ (ట్రైలరును లాగే బండికి తగిలించే కొక్కెం) మీద పడేలా ముందుకు జరిపి నిలపండి. వెనక్కి ఉంటే హైవే మీద తోక ఊపుతుంది. పట్టీలు నాలుగూ ఆక్సిళ్ళకే కట్టాలి, బంపరుకు కాదు. ఫ్రేముకు కడితే స్ప్రింగులు కుంగినప్పుడల్లా పట్టీ వదులవుతుంది. పది మైళ్ళు వెళ్ళాక ఆపి మళ్ళీ బిగించండి, 78 ఎక్కాక ఇంకోసారి.