ఉట్రెక్ట్‌లో నిచ్చెన మెట్లు, అరచేతంత ప్రార్థన పుస్తకం

ఉట్రెక్ట్‌లో బస విషయంలో మోసపోయాం. అదే ఊళ్లో ఒక చిన్న ప్రార్థన పుస్తకం ముందు నిలబడి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈ రెండూ చెప్పాలనే రాస్తున్నాను. నెదర్లాండ్స్‌లో మిగతా రోజులన్నీ ఆమ్‌స్టెల్వేన్‌లో చెల్లి ఇంట్లో హాయిగా గడిచిపోయాయి.

మాది బందరు. డచ్చివాళ్ల సమాధులు చూస్తూ పెరిగినవాళ్లం. తాతయ్య వాళ్లని ‘ఒలందావాళ్లు’ అనేవాడు. ఆ మాట విని పెరిగిన అమ్మకి ఒలందా వెళ్తే వాళ్ల పాత భక్తి పుస్తకాలు చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా మరిది వాకబు చేసి, ఉట్రెక్ట్‌లో కాథరైనెకాన్వెంట్ అనే మ్యూజియం ఉందని, పాత సన్యాసుల మఠంలోనే దాన్ని పెట్టారని చెప్పాడు. మర్నాడు అక్కణ్ణుంచి డెవెంటర్ అనే ఊరు కూడా చూడాలి. అమ్మకి డెబ్బై ఒకటి, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. రోజూ ఆమ్‌స్టెల్వేన్ నుంచి వెళ్లి రావడం కష్టమని ఉట్రెక్ట్‌లోనే రెండు రాత్రులు గది తీసుకున్నాం. చెల్లి కూడా మాతో వచ్చింది.

ఆ గది సంగతి వివరంగా చెప్పాలి. ప్రకటనలో ‘కాలువ పక్కన, ఒకటో అంతస్తు, పెద్దవాళ్లకు అనుకూలం’ అని ఉంది. మేం ముందే మెసేజ్ పెట్టి, అమ్మ మోకాలి విషయం కూడా చెప్పాం. ‘పర్వాలేదు, రండి’ అని జవాబొచ్చింది. తీరా వెళ్లి చూస్తే గది ఉన్నది మూడో అంతస్తులో, అటక కింద. మెట్లంటే మెట్లు కావు, నిచ్చెన. ఒక్కో మెట్టు మీద సగం పాదమే ఆనుతుంది. పట్టుకోవడానికి గోడకి ఒక తాడు కట్టి ఉంది. అమ్మ ముందు, వెనకాల మావారు, ఆయన వెనక నేను. పైకి చేరేసరికి పావుగంట పట్టింది. అమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. మాకు చచ్చేంత టెన్షన్.

యజమానికి ఫోన్ చేస్తే ‘పాత ఊళ్లో ఇళ్లు ఇలాగే ఉంటాయి’ అన్నాడు. ఆ ఊళ్లో పాత ఇళ్ల మెట్లు నిట్టనిలువుగా ఉంటాయన్నది నిజమే. కానీ అడిగినప్పుడు చెప్పాలి కదా! రాత్రికి 129 యూరోలు చొప్పున 258, శుభ్రం చేసినందుకు 45, సాయంత్రం ఆరు దాటి వచ్చామని తాళం ఇవ్వడానికి ఇంకో 25. మొత్తం 328 యూరోలు, పైన పన్ను వేరే. ఆ 25 సంగతి ముందు ఎక్కడా రాయలేదు. చెల్లి డచ్చి భాషలో గట్టిగా అడిగితే అది మాత్రం వెనక్కి ఇచ్చాడు. మావారు ఆ రాత్రంతా ‘చెల్లి ఇంటి నుంచే వచ్చుంటే సరిపోయేది’ అంటూనే ఉన్నారు. ఆయన అన్నదీ నిజమే.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా మాట ఒకటే. కాలువ, పాత ఇల్లు, అందమైన కిటికీ, ఇవేవీ చూడకండి. స్టేషన్ దగ్గర లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్ తీసుకోండి. లిఫ్ట్ ఉందా, మెట్లు ఎన్ని అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మర్నాడు పొద్దున మ్యూజియానికి వెళ్లాం. టికెట్లు మరిది ముందే కొనిపెట్టాడు, డబ్బు తీసుకోలేదు. సోమవారాలు మూసి ఉంటుంది, మర్చిపోకండి. పాత పుస్తకాలున్న చోట వెలుతురు బాగా తక్కువ. రంగులు వెలిసిపోకుండా అలా పెడతారు. కళ్లు అలవాటు పడేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.

ఆ పుస్తకం నా అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. పదిహేనో శతాబ్దం నాటిది. తోలు కాగితం మీద చేత్తో రాసింది. పేజీలో మొదటి అక్షరం బంగారు రేకుతో ఉంది, ఆరువందల ఏళ్ల కిందటిదంటే నమ్మలేం, అంత మెరుపు. దాని చుట్టూ ఎర్ర సిరా, నీలం సిరాలతో వెంట్రుకంత సన్నటి గీతలు అంచుల దాకా పాకాయి. మా అమ్మమ్మ ముగ్గులో మెలికలు తిప్పినట్టు ఎక్కడా చెయ్యి ఆగలేదు. పేజీల కింది మూలలు మాత్రం నల్లబడ్డాయి. ఎవరో రోజూ అక్కడే వేలు పెట్టి తిప్పారు. బంగారం కంటే నన్ను ఆ మురికే ఎక్కువ కదిలించింది.

అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ మా దగ్గరికొచ్చి, ఇది లాటిన్ కాదు, డచ్చి భాష అని చెప్పింది. మొదటి వాక్యం వేలితో చూపిస్తూ చదివింది: ‘హేరె, డు సాల్టె ఓప్‌డున్ మీనె లిప్పెన్.’ అర్థం ఇంగ్లీషులో చెప్పింది. నేను అమ్మకి తెలుగులో చెప్పేలోపే అమ్మ అందుకుంది: ‘ప్రభువా, నా నోరు నీ స్తుతిని ప్రచురపరచునట్లు నా పెదవులను తెరువుము.’ యాభై ఒకటో కీర్తన. అమ్మకి అది చిన్నప్పటి నుంచీ కంఠస్థం. లాటిన్ బైబిల్ లెక్కలో అది యాభయ్యోదట. అమ్మ తెలుగులో, ఆవిడ డచ్చిలో ఆ వాక్యం ఇంకోసారి చదివారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు.

అప్పట్లో ఇలాంటి ప్రార్థనలు ఎక్కువగా లాటిన్‌లోనే ఉండేవి. డెవెంటర్‌లో పెద్ద వర్తకుడి కొడుకు గేర్ట్ గ్రోటె వాటిని మామూలు జనం మాటలోకి మార్చాడు. 1374లో తన ఇల్లు పేద స్త్రీలు ఉండటానికి ఇచ్చేశాడు. చర్చిలో తప్పుల్ని ఎండగడుతున్నాడని 1383లో ప్రసంగాలు చెయ్యకుండా ఆపేశారు. నోరు మూయించాక కూర్చుని ఈ అనువాదం చేశాడు. 1384లో ప్లేగుతో పోయాడు. తర్వాత నూట యాభై ఏళ్ల దాకా ఆ దేశంలో ఇళ్లలో, కన్యాస్త్రీల మఠాల్లో ఆ ప్రార్థనల్నే రాసుకున్నారు, చదువుకున్నారు. కొన్ని మఠాల్లో ఆడవాళ్లే రాసి, రంగులద్ది, అమ్మేవాళ్లు.

ఆవిడ తన ట్యాబ్‌లో ఇలాంటి ఇంకో పుస్తకం క్యాలెండర్ పేజీ చూపించింది. మన గోడ క్యాలెండర్లో పండగలు ఎర్రగా వేసినట్టే అందులోనూ పెద్ద పండగలు ఎర్ర సిరాతో ఉన్నాయి. నవంబరు 7న విల్లిబ్రోర్డ్ పేరు. ఉట్రెక్ట్‌లో క్రైస్తవాన్ని నాటినవాడాయన. ఏ ఊరి భక్తుల పేర్లు ఎర్రగా ఉన్నాయో చూసి పుస్తకం ఏ ప్రాంతానిదో గుర్తుపడతారట. మేం వెళ్లింది నవంబరు రెండో వారం, పండగ అయిపోయిన కొద్ది రోజులకే.

బయటికొచ్చాక చలి. ఔడెఖ్రాఖ్ట్ కాలువలో నీటిమట్టం పక్కనే పాత సరుకుల గిడ్డంగుల్ని హోటళ్లుగా మార్చారు. అక్కడ బఠాణీ సూప్ తిన్నాం. పంది మాంసం లేనిదీ ఉందన్నారు, అదే తెప్పించాం. ఒక్కొక్కటి ఏడున్నర యూరోలు, నలుగురికి 30. గరిటె నిలబడేంత చిక్కగా ఉంది. ‘పప్పు గట్టిగా వండినట్టుందే’ అంటూ అమ్మ గిన్నె ఖాళీ చేసింది. నిన్నటి నుంచి మొహం ముడుచుకున్న మావారు కూడా ఇంకో గిన్నె అడిగారు. మర్నాడు డెవెంటర్ ఏ ఇబ్బందీ లేకుండా చూసొచ్చాం.

అమ్మకి ఒక్కటే వెలితి. ఆ పెద్దావిడ చెప్పింది: ఈ ఊళ్లోనే 1440 ప్రాంతంలో గెల్డర్లాండ్ పాలకుడి భార్య (డచెస్) కాథరీన్ కోసం రాసిన పుస్తకం ఇప్పుడు న్యూయార్క్‌లో మోర్గన్ లైబ్రరీలో ఉంది. అది మాత్రం లాటిన్‌లో ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని రెండుగా విడదీసి అమ్మేశారు. మోర్గన్ 1963లో ఒక భాగం, 1970లో రెండోది కొని మళ్లీ ఒకచోట చేర్చింది. 157 బొమ్మలున్నాయి. ఒక భక్తుడి బొమ్మ చుట్టూ ఆల్చిప్పలు, ఇంకొకరి చుట్టూ రొట్టెలు. ఉట్రెక్ట్ బొమ్మలు చూడటానికి న్యూయార్క్ వెళ్లాలన్నది నాకు బాధగానే అనిపించింది. మ్యూజియం షాపులో 1.50 యూరోలకి కొన్న కార్డు అమ్మ బైబిల్లో పెట్టుకుంది.

న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యతో అమ్మ ‘నువ్వు వెళ్లి చూసి ఫొటోలు పంపు’ అంది. ఆ పుస్తకం ఎప్పుడు బయట పెడతారో ముందు కనుక్కోమని నేనూ చెప్పాను. అన్నయ్య ఇంకా వెళ్లలేదు. ప్రతి ఆదివారం ఫోన్లో అమ్మ మొదట అడిగేది అదే.