ఇన్‌ఫార్మ్ 6తో ఎనిమిదేళ్లు: పాత ఆటల్లో వస్తువుల వర్ణనలు బాగుచేస్తూ

బొమ్మల్లేకుండా, మాటలు టైపు చేసి ఆడే పాత టెక్స్ట్ అడ్వెంచర్ ఆటల్లో బగ్గులు సరిచేయడానికి ఎనిమిదేళ్లుగా ఇన్‌ఫార్మ్ 6 వాడుతున్నాను. సోర్స్ దొరికిన ఆటను ఇందులోకి తిరగరాసుకుని, ఒక్కో వస్తువునూ తీసి, పడేసి, తెరిచి, మూసి చూడటం నా పని. ఇలాంటి ఆటలు రాయడానికి గ్రాహం నెల్సన్ 1993లో విడుదల చేసిన ఇన్‌ఫార్మ్ భాషకు 1996లో వచ్చిన ఆరో వెర్షన్ ఇది. 2006లో ఇన్‌ఫార్మ్ 7 వచ్చాక చాలామంది అటు వెళ్లారు, నేను వెళ్లలేదు. వర్ణన తప్పుగా వచ్చినప్పుడు ఆ తప్పు ఏ లైనులో పుట్టిందో ఇందులో వేలు పెట్టి చూపించగలను.

వర్ణన బగ్గు అనగానే వాక్యంలో తప్పు ఉందనుకుంటాం. నేను చూసినంతలో వాక్యం బాగానే ఉంటుంది. వస్తువు పరిస్థితి మారిపోయి ఉంటుంది, ఆ సంగతి వాక్యం దాకా చేరదు. ఒక ఆటలో గోడకున్న కత్తిని కాపలావాడు తీసుకెళ్లి నేలమాళిగలో పడేస్తాడు. మనం అక్కడికి దిగితే, "అద్దం పక్కన గోడకు ఒక పాత కత్తి వేలాడుతోంది" అని వచ్చేది. నేలమాళిగలో అద్దమూ లేదు, కొక్కెమూ లేదు. రెండు రాత్రులు వాక్యాల చుట్టూనే తిరిగాను. చివరికి డీబగ్ స్విచ్ పెట్టి కంపైల్ చేసి, ఆటలోనే షోఆబ్జ్ కమాండ్ కొడితే కత్తి వివరాలన్నీ తెరమీదికి వచ్చాయి. అందులో 'మూవ్‌డ్' గుర్తు, అంటే వస్తువు మొదటి చోటు నుంచి జరిగిందని చెప్పే గుర్తు లేదు! వస్తువు మొదటి చోట ఉన్నప్పటి కోసం 'ఇనిషియల్'లో రాసిన వాక్యం ఆ గుర్తు పడేవరకు వస్తూనే ఉంటుంది. ఆటగాడు వస్తువును చేతిలోకి తీసుకుంటే ఇన్‌ఫార్మ్‌తో వాడే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీయే గుర్తు పెడుతుంది. మన కోడ్ వస్తువును జరిపితే మాత్రం మనమే పెట్టాలి. ఒక్క లైను చేర్చాను, బగ్గు పోయింది.

ఇలాంటివి పరీక్షించేటప్పుడు పర్లాయిన్ కమాండ్ వాడకండి. ఎక్కడున్న వస్తువునైనా చేతికి తెచ్చిపెడుతుంది కానీ, తెస్తూ తెస్తూ 'మూవ్‌డ్' గుర్తు పెట్టేస్తుంది, దాచిన వస్తువైతే 'కన్సీల్డ్' గుర్తు తీసేస్తుంది. అంటే మనం వెతుకుతున్న బగ్గును తనే కప్పేస్తుంది. ఆబ్‌స్ట్రాక్ట్ కమాండ్ వస్తువును ఊరికే జరుపుతుంది, ఏ గుర్తూ మార్చదు. కాపలావాడు చేసే పనీ అదే కదా.

పేరుమోసిన పాత టెక్స్ట్ అడ్వెంచర్ జోర్క్ 1 రాసినవాళ్లు ఈ చిక్కును ముందే చూసుకున్నారు. అందులో దొంగ వస్తువులు కాజేసే రొటీన్‌లో (ఆ పని చేసే కోడ్ ముక్కలో), వస్తువు జరిగిన వెంటనే దానికి టచ్‌బిట్ అనే, 'మూవ్‌డ్' లాంటి గుర్తు పెడతారు. ముందు గదిలో తివాచీ జరిపామా లేదా, దాని కిందున్న తలుపు తెరిచామా లేదా అన్నదాన్ని బట్టి నాలుగు వేర్వేరు వాక్యాలు రాసిపెట్టారు. ఒక్క గది కోసం అంత శ్రద్ధ! మొదటి మూడు జోర్క్ ఆటల సోర్స్ 2025 నవంబరులో ఎంఐటీ లైసెన్స్‌తో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఈ పని చేసేవాళ్లు దాన్ని తీరిగ్గా కూర్చుని చదవాలి.

నన్ను బాగా విసిగించింది, గదిలో వస్తువు ఎలా కనిపిస్తుందో చెప్పే 'డిస్క్రైబ్' రొటీన్. వస్తువు లోపల రాసే రొటీన్ ఏ జవాబివ్వాలో చెప్పకుండా ముగిస్తే 'ఫాల్స్' ఇస్తుంది, విడిగా రాసేది 'ట్రూ' ఇస్తుంది. డిస్క్రైబ్ 'ఫాల్స్' ఇచ్చిందంటే, మనమేమీ చెప్పలేదనుకుని లైబ్రరీ తన వరస తను చెప్తుంది. లాంతరు మసకగా వెలుగుతోందని ఒక వాక్యం, ఇక్కడ లాంతరు కూడా ఉందని ఇంకో వాక్యం. ఒక్క లాంతరే రెండున్నట్టు కనిపిస్తుంది. చివర 'ట్రూ' ఇచ్చే ఆర్‌ట్రూ రాస్తే సరిపోతుంది, కానీ మర్చిపోయినప్పుడు కంపైలర్ హెచ్చరించదు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా నెలకోసారైనా మర్చిపోతాను.

ఇవన్నీ ఉన్నా, వస్తువుల బగ్గులకు ఇంతకన్నా సూటైన పనిముట్టు నాకు దొరకలేదు. కొత్తవాళ్లకు మొదటి నెల కష్టంగానే ఉంటుంది. ఒకసారి, ఏది దేనిలో ఉందో చెప్పే వస్తువుల చెట్టు బుర్రకెక్కితే ఆ తర్వాత టెన్షన్ ఉండదు.

ఇంకో బగ్గు గురించి చెప్పాలి. ఒక ఆటలో క్యాండిల్‌స్టిక్‌ను పరిశీలిస్తే క్యాండిల్ వర్ణన వచ్చేది. అది జెడ్-మెషీన్ (ఇలాంటి ఆటలను నడిపే ఊహా కంప్యూటర్) 3వ వెర్షన్ ఆట. అందులో ఆటకు తెలిసిన పదాల నిఘంటువు ప్రతి పదంలో మొదటి 6 ఇంగ్లిష్ అక్షరాలే గుర్తుంచుకుంటుంది, ఆ ఆరూ రెండు పదాల్లోనూ ఒకటే. ఇన్‌ఫార్మ్ మామూలుగా తయారుచేసే 5వ వెర్షన్‌లో 9 అక్షరాలు గుర్తుంటాయి కాబట్టి, వర్ణనలో ఒక్క ముక్క మార్చకుండానే అది సర్దుకుంది. మొదటి 9 అక్షరాలూ కలిసే పేర్లను మాత్రం ఇప్పటికీ నేనే వెతికి పట్టుకుంటున్నాను.