వరద కబురుకు జీపీఎస్ కెమెరా యాప్: 2021 నుంచి వాడి చెబుతున్న మాట

ఫోటో తీయగానే దాని అడుగున అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము, చిన్న మ్యాపు బొమ్మ అచ్చయ్యే కెమెరా యాప్ లేని ఫోను మా గ్రామ సచివాలయంలో ఒక్కటీ లేదు. ఏ పథకానికైనా పైవాళ్లు అడిగేది ఆ ఫోటోనే. ఆ వాడకం సంగతి అందరికీ తెలుసు, దాని గురించి నేను రాయడం లేదు. రాత్రంతా కుండపోత కురిసి తెల్లారాక ఏ చెరువు నిలిచింది, ఏ చప్టా కొట్టుకుపోయింది, ఏ ఊరికి దారి ఉంది అని ముందుగా పోయి చూసి పైకి కబురు చేసే పనికి ఈ యాప్ ఎంతవరకు ఆదుకుంటుందో చెబుతాను. నేను గ్రామ సర్వేయర్ని, స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లలో ఉద్యోగం. యాప్ పేరు రాయడం లేదు. ఉచితంగా దొరికేవి రెండు మూడు మార్చి చూశాను, అన్నీ ఒక తానులో గుడ్డలే.

2021 నవంబరు 18, 19 తేదీల్లో శేషాచలం మీద పడ్డ వాన ఒక పక్క కపిలతీర్థం మీదుగా తిరుపతిలోకి, ఇంకో పక్క కల్యాణి డ్యాం మీదుగా స్వర్ణముఖిలోకి దిగింది. ఘాట్ రోడ్లు మూశారు. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. అప్పటికింకా తిరుపతి వేరే జిల్లా కాదు, ఏ కబురైనా చిత్తూరు కలెక్టరేటుకు చేరాల్సిందే. మా వాట్సాప్ గ్రూపుల్లో లెక్కలేనన్ని ఫోటోలు. నీళ్లు, బురద, కూలిన గోడ. ఎక్కడివి? ఎప్పటివి? పంపినవాళ్లకు ఫోన్ చేస్తే "నాకూ ఎవురో పంపినారు నా" అని జవాబు. వేరే రాష్ట్రం వరద వీడియోలు కూడా మన ఊరి పేరుతోనే తిరిగాయి.

ఆ నెల 21న తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడింది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట తెగిపోయిందనే పుకారు మాత్రం లీకు కంటే ముందు పరుగెత్తింది. మా గ్రూపులో ఒకాయన "కట్ట పోయిందంట కదా?" అని వాయిస్ పెడితే, అక్కడే ఉన్న కుర్రోడు జవాబిచ్చాడు: "యాడ పోయింది నా? నేను కట్ట మీదే నిలబడుండా. ఇసక మూటలు ఏస్తా ఉండారు. చూడు, టైము కూడా పడింది." ఆ ఫోటో అడుగున ఉన్న రెండు లైన్ల అంకెలు ఆ సాయంత్రం మా గ్రూపును నోరు మూయించాయి. నేను ఈ యాప్‌ను నమ్మడం మొదలైంది అప్పుడే.

మామూలు కెమెరాతో తీసిన ఫోటోలో కూడా స్థలం వివరం లోపల దాగి ఉంటుంది కదా, ఈ అచ్చు ఎందుకు అనే అనుమానం రావచ్చు. ఉంటుంది, వాట్సాప్‌లో ఫోటోగా పంపేదాకా. పంపగానే వాట్సాప్ ఫోటోను కుదించి ఆ లోపలి వివరాన్ని తీసేస్తుంది. డాక్యుమెంటుగా జతచేసి పంపితే నిలుస్తుంది గానీ, మోకాలి లోతు నీళ్లలో నిలబడినవాడికి అంత ఓపిక ఎక్కడిది? బొమ్మ మీద అచ్చయిన అంకె ఎంతమంది చేతులు మారినా చెక్కుచెదరదు. ఈ యాప్‌కు ఉన్న అసలు బలం ఇదే. సాక్ష్యమని మాత్రం అనుకోవద్దు. చాలా యాప్‌లలో టైమునూ స్థలాన్నీ చేత్తో మార్చుకునే వీలుంది. తెలిసినవాడు పంపితేనే నేను దాన్ని కబురు కింద లెక్కేస్తాను.

ఇక లోపాలు. సిగ్నల్ పోయిన చోట జీపీఎస్ కూడా పనిచేయదని చాలామంది అనుకుంటారు. ఉపగ్రహాల నుంచి వచ్చేదానికి టవరుతో పనిలేదు, అంకెలు పడతాయి. పడనివి ఊరి పేరు, మ్యాపు బొమ్మ. వాటికి ఇంటర్నెట్ కావాలి. ఇంకో చిక్కుంది. నెట్ ఉన్నప్పుడు ఉపగ్రహాల వివరాలు ఫోనుకు టవరు నుంచే క్షణాల్లో అందుతాయి. లేనప్పుడు నేరుగా ఆకాశం నుంచి దించుకోవాలి, మంచి ఆకాశం కింద కూడా అర నిమిషం పైన పడుతుంది. చంద్రగిరి అవతల కొండల మధ్య, చెట్ల కింద ఇంకా ఎక్కువ. ఈలోపు తొందరపడి నొక్కితే కొన్ని యాప్‌లు నిమ్మళంగా పాత స్థలాన్నే అచ్చేస్తాయి. వంక దగ్గర తీసిన ఫోటోకు మండలాఫీసు అడ్రసు పడినవి నా దగ్గరికి వచ్చాయి. అందుకే మా కుర్రోళ్లకు ఒకటే చెబుతాను: తెర మీద "కచ్చితత్వం" అంకె 10 మీటర్ల లోపుకు దిగేదాకా నొక్కొద్దు. భూముల రీసర్వేలో మేము వాడే రోవర్ అనే కొలత పరికరం సెంటీమీటర్ల లెక్కలో చూపిస్తుంది, దానికి అలవాటు పడ్డ కంటికి ఫోను చూపించేది మొరటుగా ఉంటుంది. అయినా గండి ఎక్కడుందో చెప్పడానికి ఐదు పది మీటర్ల తేడా లెక్క కాదు.

తేడా వచ్చేది అంకెలు చదివే దగ్గర. యాప్‌లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల పద్ధతి ఒకటి, దశాంశాల పద్ధతి ఒకటి. తిరుపతి దగ్గర 13 డిగ్రీల 37 నిమిషాలు అని పడ్డదాన్ని ఫోన్లో "పదమూడు పాయింటు మూడేడు" అని చదివితే అవతలివాడి మ్యాపులో గుర్తు దాదాపు 27 కిలోమీటర్లు దక్షిణానికి, కార్వేటినగరం వైపు పోయి పడుతుంది. వాన పడని చోట పడవ వెతుక్కోవాలి మరి. దశాంశాల్లోనే పెట్టుకోండి. చుక్క తర్వాత నాలుగు అంకెలు చెబితే 11 మీటర్ల లోపు స్థలం దొరుకుతుంది, ఐదు చెబితే మీటరు. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ అనే చిరునామా కోడు ఈ పనికి ఇంకా నయం. పది అక్షరాలతో నాలుగు మీటర్ల గడి చెబుతుంది, సున్నా, ఒకటి లాంటి తికమక పెట్టే గుర్తులు అందులో లేవు. మా వైపు కంట్రోల్ రూముల్లో దాన్ని అడిగినవాళ్లు మాత్రం ఇంకా నాకు తగల్లేదు.

అచ్చయ్యేది నిలబడ్డ చోటు. చూపిస్తున్న చోటు కాదు. నది ఇవతల ఒడ్డు నుంచి జూమ్ చేసి అవతలి గండిని తీస్తే అంకెలు ఇవతలి ఒడ్డువే. స్వర్ణముఖి పొంగినప్పుడు ఒడ్డు తప్పితే జేసీబీ ఎంత చుట్టు తిరిగి రావాలో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. దిక్కు చూపించే దిక్సూచి యాప్‌లో ఉంది గానీ బండి ట్యాంకు పక్కన, వంతెన ఇనుప రెయిలింగు పక్కన అది పిచ్చి చూపులు చూస్తుంది. కాబట్టి ఫోటో కింద ఒక వరుస రాయాలి: "నేను దక్షిణం ఒడ్డున ఉన్నా, గండి ఉత్తరం ఒడ్డున." ఇంకొక్క మాట చేరిస్తే కబురు పూర్తవుతుంది: ఇది నేను చూసిందా, ఎవరైనా చెప్పిందా. "మొరవ (చెరువు నిండితే మిగులు నీళ్లు పోయే చోటు) పారుతోంది, చూశా. పై చెరువు కూడా నిండిందంట, గొర్రెలాయన చెప్పాడు." ఈ రెండూ కలిసిపోతేనే పుకారు పుడుతుంది. డేటా అందకపోతే ఇదే వరుసను అంకెలతో సహా ఎస్సెమ్మెస్ పంపాలి. నెట్ ఆడని చోట కూడా అది చాలాసార్లు పోతుంది.

ఇంతకంటే పెద్ద లోపం ఒకటుంది, అది యాప్‌ను ఎంత బాగుచేసినా పోదు. ఫోటోలన్నీ మ్యాపు మీద గుర్తులుగా పెడితే గుర్తులు కిక్కిరిసే చోటు ఎప్పుడూ ఒకటే: తిరుపతి టౌను. లీలామహల్ సర్కిల్, వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి, ఆటోనగర్. అక్కడ ఫోన్లున్నాయి, సిగ్నలుంది, చార్జింగుంది. కొండ కింది పల్లెలో కరెంటు పోయి, టవరు బ్యాటరీ అయిపోయి, వంక అడ్డంపడిన చోటు నుంచి ఒక్క ఫోటో రాదు. మ్యాపులో అది ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. పైనున్నవాళ్లు గుర్తులున్న వైపే బండ్లు పంపుతారు. నేను వాళ్లనీ తప్పుపట్టను, చేతికందిన కబురు అదే.

దీనికి మేము కనుక్కున్న ఉపాయం యాప్‌లో లేదు, ఒక నోటు పుస్తకంలో ఉంది. మండలంలోని ఊళ్లు, పల్లెలూ ఎస్టీ కాలనీలూ సహా, వరుసగా రాసి పెట్టుకున్నాం. కబురు వచ్చిన ఊరి ముందు టిక్కు. "ఏం కాలేదు, దారి బాగుంది" అని వచ్చినా టిక్కే. అది కూడా కబురే, ఆ వైపు పోనక్కర్లేదని చెబుతుంది. టిక్కు లేని ఊరికి బండి ముందు పోవాలి. పోయే ముందు పాల వ్యాను వాళ్లకు ఒక ఫోన్. మన చిత్తూరు వైపు డెయిరీకి పాలు పోయని పల్లె ఉందా? తెల్లారకముందే వ్యాను ప్రతి పాల కేంద్రానికీ తిరుగుతుంది. ఏ కేంద్రం పాలు రాలేదో అడిగితే ఏ దారి తెగిందో చాలావరకు తేలిపోతుంది. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాన్లప్పుడు మాకు మొదటి కబురు అక్కడి నుంచే. యాప్ వంతు ఆ తర్వాత వచ్చింది.

డ్రోన్ ఉంటే ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేయకూడదు, రేణిగుంట విమానాశ్రయం చుట్టూ అనుమతి లేకుండా కుదరదు, ఆ గాలివానలో చిన్న డ్రోన్ నిలవదు. వాన తెరిపిచ్చాక పంట నష్టం చూడ్డానికైతే సరే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. తడి వేలికి తెర మాట వినదు, వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసే సెట్టింగు ముందే పెట్టుకోవాలి. జీపీఎస్, కెమెరా కలిసి బ్యాటరీని తాగేస్తాయి, పవర్ బ్యాంకు తప్పనిసరి. ఇళ్లలోకి నీళ్లొచ్చిన మనుషుల మొహాలు తీసి, వాళ్ల ఇంటి అక్షాంశ రేఖాంశాలతో సహా గ్రూపుల్లో వదలడం దయచేసి మానుకోండి. అన్నిటికన్నా లాభసాటి వాడకం ఎండాకాలంలో చేసేది: మొరవలు, తూములు, చప్టాలు పొడిగా ఉన్నప్పుడు ఒకసారి తీసి దాచుకుంటే, వరద తర్వాత అదే చోట నిలబడి తీసిన ఫోటో పక్కన పెట్టగానే ఎంత కోసుకుపోయిందో ఇంజినీరుకు వివరించే పని తప్పుతుంది.

నా మార్కులు ఐదుకు మూడున్నర. డబ్బు కట్టి ప్రకటనల్లేని వెర్షన్ తీసుకోవాలా అంటే, ఆఫీసు పనికి అక్కర్లేదు. వానలో పోయేవాళ్లు తీసుకోండి. ఫోటో నొక్కగానే ప్రకటన వచ్చి, దాన్ని మూయబోయిన తడి వేలు ఇంకేదో యాప్ దించుకునే పేజీ తెరిస్తే, ఆ కోపం ఖరీదు చందా కంటే ఎక్కువే.