ఏది మేలు? సంసద్ టీవీ, యూట్యూబ్, సభ రాతప్రతి

"మా ఎంపీ ఈ సమావేశాల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అనే ఫిర్యాదు ఎక్కువగా టీవీ మాత్రమే చూసేవాళ్ల దగ్గర వినిపిస్తుంది. అందులో సగం తప్పు టీవీదే.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, అంటే మంత్రి నోటితో జవాబు చెప్పాల్సినవి, జాబితాకెక్కుతాయి. 11 నుంచి 12 వరకు ఉండే ప్రశ్నోత్తరాల గంటలో మంత్రి లేచి జవాబు చెప్పే దాకా వచ్చేవి మామూలుగా అయిదారే. ప్రశ్నల వరుస తేల్చే లాటరీలో మీ ఎంపీ ప్రశ్నకు 14వ నంబరు పడిందంటే అది తెరమీదికి రాకపోవచ్చు. జవాబు మాత్రం రాతలో సభ ముందుకొస్తుంది. ఇక రోజుకు 230 దాకా ఉండే నక్షత్రం లేని ప్రశ్నలకు నోటి జవాబే లేదు. రాజ్యసభలో లెక్క వేరు: 11కి జీరో అవర్ (సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం), 12కి ప్రశ్నోత్తరాలు. ఇది తెలియక 11కే పెట్టి "ప్రశ్నలేవీ?" అనుకునేవాళ్లున్నారు.

అలాగని టీవీని తీసిపారేయలేం. 2006లో వచ్చిన లోక్‌సభ టీవీ, 2011లో వచ్చిన రాజ్యసభ టీవీ కలిసి 2021 సెప్టెంబరు 15న సంసద్ టీవీ అయ్యాయి. సమావేశాల రోజుల్లో ఒకటో చానెల్లో లోక్‌సభ, రెండో చానెల్లో రాజ్యసభ వస్తాయి. డీడీ ఫ్రీ డిష్‌లో నెలనెలా కట్టేదేమీ లేదు, నెట్ అక్కర్లేదు. చానెల్ కనిపించకపోతే బాక్సులో ఆటో స్కాన్ మళ్లీ వేయండి. బడ్జెట్ ప్రసంగానికి, అవిశ్వాస తీర్మానానికి ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే దీన్ని మించింది లేదు.

అయితే గొడవ మొదలైతే కెమెరా ఎక్కువగా సభాపతి మీదికే వెళ్తుంది. వెల్‌లో, అంటే సభాపతి కుర్చీ ముందున్న ఖాళీ చోట, ఎవరున్నారో, ప్లకార్డు మీద ఏముందో కనబడదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు గట్టెక్కే వేళ ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. తెలుగువాళ్లెవరూ ఆ మాట మర్చిపోలేదు.

యూట్యూబ్‌లో అదే ప్రసారాన్ని వెనక్కి జరుపుకోవచ్చు. ఒక్కో సభ్యుడి ప్రసంగం విడి క్లిప్‌గా కూడా దొరుకుతుంది. కానీ క్లిప్‌లో అంతకుముందు మంత్రి ఏమన్నాడో ఉండదు. వాట్సాప్‌లో తిరిగే ముక్కయితే మరీ ప్రమాదం. ఆ తేదీ నాటి పూర్తి వీడియో తెరిచి, ముందు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు వినండి.

మా ఓటు మాత్రం రాతప్రతికే, అంటే ప్రశ్నలు, జవాబులు, చర్చల లిఖిత రికార్డుకే. సంసద్ డాట్ ఇన్‌లో సభ, ఎన్నో లోక్‌సభ, ఏ సమావేశం అన్నవి ఎంచుకుని ప్రశ్నల్లోకి వెళ్లండి. ఎంపీ పేరును సొంతంగా టైపు చేస్తే ఇంగ్లిష్ స్పెల్లింగ్ తేడాతో ఏమీ రాకపోవచ్చు, జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. జవాబు తెరిచాక మొదటి పేజీతో ఆపకండి. రాష్ట్రాలవారీ, జిల్లాలవారీ అంకెలు ఉంటే తరచుగా చివరి అనుబంధంలో ఉంటాయి. "సమాచారం సేకరిస్తున్నాం" అని ఉంటే అది మామూలుగా హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందో లేదో చూడ్డానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది.

రాతప్రతి లోటు రెండు చోట్ల తెలుస్తుంది. సభాపతి తొలగించమన్న మాటలు అందులో చుక్క గుర్తులుగా మారిపోతాయి, ప్రత్యక్షంగా చూసినవాడికే అవి తెలుసు. రెండోది, మనవాళ్లు తెలుగులో మాట్లాడితే అచ్చులో సాధారణంగా దాని అనువాదమే ఉంటుంది. అసలు మాట, యాస, వెటకారం కావాలంటే వీడియోయే గతి.

స్థాయీ సంఘాల (బిల్లులను, శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీల) సమావేశాలు మాత్రం ఈ మూడింట్లో ఎక్కడా చూడలేరు. అవి మూసిన తలుపుల వెనకే జరుగుతాయి, బయటికొచ్చేది నివేదికే.