పేర్లు చదివేస్తే సరిపోదు: మా యూనివర్సిటీ అచీవర్స్ డే గురించి

మొన్న మా యూనివర్సిటీ అచీవర్స్ డేకి, అంటే స్టూడెంట్లకీ ఫ్యాకల్టీకీ పూర్వ విద్యార్థులకీ వాళ్ళు సాధించిన వాటికి సన్మానం చేసే ఫంక్షన్‌కి, వెళ్ళొచ్చాను. చదువు పూర్తిచేసి బయటికొచ్చి తొమ్మిదేళ్ళయింది, నేను చూసింది ఇది మూడోసారి. మొదటిసారి స్టూడెంట్‌గా వెనక వరసలో కూర్చుని చూశాను, రెండోసారి ఫోన్లో లైవ్ పెట్టుకుని చూశాను, ఈసారి నా జూనియర్ ఒకమ్మాయికి బెస్ట్ థీసిస్ అవార్డు వస్తోందని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఫంక్షన్ ఒక్కదాని గురించే కాకుండా దానికి ముందు నింపే ఫారం గురించి, వాళ్ళ వివరాలు వేసి ఆ రోజు చేతికిచ్చే పుస్తకం గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఒక మనిషి చేసిన పనిని యూనివర్సిటీ ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలిసేది ఈ మూడింటిలోనే. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. ఆ మూడున్నరలో రెండు ఒకే ఒక్క మార్పుకి.

ఆ మార్పు ఏమిటంటే, ఇదివరకు డిపార్ట్‌మెంట్ల వారీగా అటెండెన్స్ తీసుకున్నట్టు పేర్లు చదివేవాళ్ళు, చప్పట్లు అందరివీ అయ్యాక ఒకేసారి కొట్టమనేవాళ్ళు. ఈసారి ప్రతి ఒక్కరి గురించీ ఒక నిమిషం మాట్లాడించారు, అది కూడా అవార్డు తీసుకునేవాళ్ళ చేత కాదు, వాళ్ళ పక్కన ఉండి ఆ పని చూసినవాళ్ళ చేత. నా జూనియర్ గురించి మాట్లాడడానికి వాళ్ళ ల్యాబ్ టెక్నీషియన్ వచ్చారు. ఆయన మైకు ముందు కాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు, తర్వాత "ఈ అమ్మాయి శాంపిల్స్ పదకొండుసార్లు పాడైపోయాయండి, పన్నెండోసారి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది, ఆ రోజు పొద్దున్నే ల్యాబ్ తాళం తీసింది నేనే" అన్నారు. అంతే చెప్పి దిగిపోయారు. థీసిస్ పేరు చదివితే నాకు సగం అర్థమయ్యేది కాదు, ఆయన చెప్పినదాంతో ఆ నాలుగేళ్ళు కళ్ళముందు కనిపించాయి. నా పక్కన కూర్చున్న ఆవిడ ఎవరి తరఫున వచ్చారో తెలియదు, ఆవిడ కూడా కళ్ళు తుడుచుకున్నారు.

పేరు పలకడం దగ్గర కూడా జాగ్రత్త పడ్డారు. ఫారంతో పాటు పేరు ఎలా పలకాలో ఫోన్లో రికార్డు చేసి పంపమన్నారట. చిన్న విషయంలా ఉంటుంది గానీ, వేరే భాషల నుంచి వచ్చి చదువుకున్న పిల్లలకి స్టేజి మీద తమ పేరు సరిగ్గా వినపడడం ఎంత పెద్ద విషయమో నేను హాస్టల్లో ఉన్నప్పుడు చూశాను. నా రూమ్మేట్ గోల్డ్ మెడల్ తీసుకున్న రోజు ఆమె పేరు ఎలా చదివారంటే, పిలిచింది తననే అని ఆమెకి అర్థం కాలేదు. పక్కవాళ్ళు తడితే లేచింది.

ఇక ఫారం. ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఎవరి విజయం గురించి వాళ్ళే రాసుకోవాలి, ప్రూఫ్‌లన్నీ పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి, సైజు కాస్త ఎక్కువైతే తీసుకోదు, ఆఖరి తేదీ పరీక్షల మధ్యలో వస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఆ మొదటిదే. తన గురించి తాను "నేను గొప్ప పని చేశాను" అని రాసుకోలేని మనుషులు చాలామంది ఉంటారు, చాలాసార్లు పని బాగా చేసేది వాళ్ళే. నా జూనియర్ కూడా నింపలేదు, ఆఖరి రోజు రాత్రి ఫ్రెండ్ ఒకమ్మాయి ఆమె దగ్గర లాగిన్ తీసుకుని నింపింది. ఆ ఫ్రెండే లేకపోతే మొన్న ఆ స్టేజి మీద వేరే ఎవరో ఉండేవారు. ఎవరైనా ఎవరినైనా నామినేట్ చేయొచ్చు అని ఒక్క లైను మారిస్తే చాలు, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఎవరు ఏం చేశారో అందరికంటే బాగా తెలుసు, వాళ్ళని అడగండి.

ఆ ఫారంలో "ఈ పనిలో మీకు ఎవరెవరు సాయపడ్డారు" అనే గడి కూడా లేదు. సైన్సులో ఈ గడి ఎంత అవసరమో చెప్పడానికి నాకు ఎప్పుడూ డగ్లస్ ప్రాషర్ కథ గుర్తొస్తుంది. జెల్లీఫిష్‌లో ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ ఉంది కదా, దాని జీన్‌ని క్లోన్ చేసింది, అంటే విడిగా పట్టుకుని కాపీలు తీసింది, ఆయన. 1992లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, తర్వాత పరిశోధనకి డబ్బులు దొరక్క, ఆ జీన్‌ని అడిగిన మార్టిన్ చాల్ఫీకి, రోజర్ చెన్‌కి ఇచ్చేశాడు. ఆ ప్రొటీన్ మీద పనికి 2008లో వాళ్ళిద్దరికీ, ఒసాము షిమోమురాకి కలిపి కెమిస్ట్రీ నోబెల్ వచ్చేనాటికి ప్రాషర్ ఒక కార్ల డీలర్ దగ్గర కస్టమర్లని దింపే వ్యాన్ నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ ఆయన పేరు అందరి ముందూ చెప్పారు, తమ ఖర్చుతో ఆయన్నీ ఆయన భార్యనీ స్టాక్‌హోమ్ పిలిపించుకున్నారు. అలా చేయాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కానీ ప్రతిసారీ అవార్డు వచ్చినవాళ్ళ మంచితనం మీదే ఆధారపడకూడదు కదా, ఆ చోటు యూనివర్సిటీయే చూపించాలి. ఇప్పుడు చాలా జర్నళ్ళు పేపర్‌తో పాటు ఎవరు ఏం చేశారో విడివిడిగా వేస్తున్నాయి. క్రెడిట్ అనే పద్ధతిలో 14 రకాల పాత్రలున్నాయి, ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, డేటా ఎవరు చూశారు, సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు, ఇలా. అందులో సగం మన ఫారంలో పెట్టుకున్నా ఎంతో న్యాయం జరుగుతుంది.

ఇది నా సొంత బాధ కూడా. నేను పీజీలో ఉన్నప్పుడు మా గైడ్ గారి పేపర్‌కి అవార్డు వచ్చింది, అందులో నేను రెండో ఆథర్‌ని. అచీవర్స్ డే పుస్తకంలో ఆయన పేరు వేసి పక్కన "మరియు బృందం" అని వేశారు. ఆ "బృందం" నేనూ ఇంకో అబ్బాయీ, ఇద్దరమే. సార్ అది చూసి చాలా నొచ్చుకున్నారు, తన కాపీలో ఆ మాట కొట్టేసి మా ఇద్దరి పేర్లూ పెన్నుతో రాసి నాకిచ్చారు. ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఈసారి పుస్తకం చేతికివ్వగానే నేను ముందు చూసింది అదే, "మరియు బృందం" నాలుగు చోట్ల ఉంది. జోసెలిన్ బెల్ బర్నెల్ సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఇలా వేయగలరా అనిపించింది. 1967లో కేంబ్రిడ్జ్‌లో రీసెర్చ్ స్కాలర్‌గా ఉండి, టెలిస్కోప్ రికార్డు చేసిన కాగితాలు మీటర్లకి మీటర్లు చూస్తూ పల్సార్ల (గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సిగ్నల్ పంపే నక్షత్రాల) జాడని పట్టుకున్నది ఆవిడ, 1974లో ఫిజిక్స్ నోబెల్ మాత్రం ఆవిడ గైడ్ ఆంటొనీ హ్యూయిష్‌కి, ఆయనతో పాటు మార్టిన్ రైల్‌కి వెళ్ళింది. 2018లో ఆవిడకి స్పెషల్ బ్రేక్‌త్రూ ప్రైజ్ కింద 30 లక్షల డాలర్లు వస్తే, మొత్తం డబ్బు ఫిజిక్స్‌లో అవకాశాలు తక్కువున్న వర్గాల పిల్లలు పీహెచ్‌డీ చేయడానికి స్కాలర్‌షిప్‌లకి ఇచ్చేసింది. స్టూడెంట్ పేరు పడని ప్రతి చోటా నాకు ఆవిడే గుర్తొస్తుంది.

ఫ్యాకల్టీ భాగం అంతా అంకెలే. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు (వేరేవాళ్ళ పేపర్లలో వచ్చిన ప్రస్తావనలు), హెచ్-ఇండెక్స్ ఎంత. హాల్లో ఉన్న తల్లిదండ్రుల్లో ఎంతమందికి హెచ్-ఇండెక్స్ అంటే తెలుసు? 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క అది. ఒకరికి 20 ఉందంటే, కనీసం ఇరవైసార్లు వేరే పేపర్లలో ప్రస్తావనకి వచ్చిన పేపర్లు వాళ్ళకి ఇరవై ఉన్నాయని. పనికొచ్చే లెక్కే, కాదనను, కానీ గణితంలో పనిచేసేవాళ్ళనీ మెడిసిన్‌లో పనిచేసేవాళ్ళనీ ఒకే స్టేజి మీద ఆ అంకెతో పక్కపక్కన నిలబెడితే గణితం వాళ్ళకి అన్యాయం, అక్కడ పేపర్లూ తక్కువే వస్తాయి, సైటేషన్లూ నెమ్మదిగానే వస్తాయి. పైగా పాఠం చెప్పడానికి ఈ పుస్తకంలో ఒక్క పేజీ లేదు. ఫస్ట్ ఇయర్‌లో రెండొందల మంది కూర్చునే క్లాసులో ఏళ్ళ తరబడి ఒకే సబ్జెక్టుని ప్రతి సంవత్సరం కొత్తగా చెప్పే మేడమ్ ఒకరున్నారు మాకు, నేను సైన్సులో ఉండిపోవడానికి కారణం ఆవిడే. ఆవిడ పేరు ఏ సంవత్సరం పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

కాటలిన్ కరికోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ 1995లో పదవి తగ్గించింది, గ్రాంట్లు రావడం లేదని. తర్వాత కోవిడ్ టీకాలకి ఆధారమైన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ మీద అదే పని వదలకుండా చేసిన ఆవిడకి, డ్రూ వైస్‌మన్‌కి కలిపి 2023లో నోబెల్ వచ్చింది. ఆ మధ్య సంవత్సరాల్లో ఇలాంటి పుస్తకంలో ఆవిడకి చోటెక్కడుండేది? అందుకే "ఇంకా ఫలితం రాని మంచి పని" అని ఒక విభాగం పెట్టమని నేను ఫీడ్‌బ్యాక్‌లో రాసి వచ్చాను. సీరియస్‌గానే రాశాను.

పూర్వ విద్యార్థుల భాగం నాకు అన్నిటికంటే తక్కువ నచ్చింది. ఒక కంపెనీ హెడ్ ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు, ఒక స్కూల్ లైబ్రరీని పన్నెండేళ్ళుగా నడుపుతున్న ఆవిడకి పుస్తకంలో మూడు లైన్లు, స్టేజి మీద ఒక ఫోటో. పెద్ద పేర్లు యూనివర్సిటీలకి ఎందుకు కావాలో నాకూ తెలుసు. ప్రపంచ యూనివర్సిటీలకి 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో నోబెల్, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్ తెచ్చుకున్న పూర్వ విద్యార్థులకి 10 శాతం, అవే తెచ్చుకున్న స్టాఫ్‌కి 20 శాతం మార్కులుంటాయి. కానీ పూర్వ విద్యార్థిని పిలిచే అలుమ్నస్ అనే లాటిన్ మాట 'పోషించడం' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది, పెంచిన బిడ్డ అని. పెంచిన బిడ్డల్లో ఒకరికి ఇరవై అయిదు నిమిషాలు, ఇంకొకరికి మూడు లైన్లు ఇస్తే ఎలా?

టైమింగ్ గురించి కూడా చెప్పాలి. ముఖ్య అతిథి గంట లేటు, తర్వాత వరసగా పెద్దల ప్రసంగాలు, స్టూడెంట్ల వంతు వచ్చేసరికి హాలు సగం ఖాళీ. ఆఖర్న స్విమ్మింగ్‌లో మెడల్ తెచ్చిన ఫస్ట్ ఇయర్ అబ్బాయి వచ్చాడు, వాళ్ళ అమ్మానాన్న పొద్దుటినుంచి అదే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, వాడు స్టేజి ఎక్కే టైముకి వెనక కుర్చీలు సర్దేస్తున్నారు. మేం ఉన్నవాళ్ళం గట్టిగానే చప్పట్లు కొట్టాం. స్టూడెంట్లని మొదట పిలవండి, పెద్దవాళ్ళు ఆగగలరు.

పుస్తకం ప్రింటింగ్ బాగుంది, ఫోటోలు స్పష్టంగా ఉన్నాయి. వెబ్‌సైట్లో పెట్టింది మాత్రం స్కాన్ కాపీ, పేరు కొట్టి వెతికితే దొరకదు, రెండేళ్ళ కిందటి లింకులు తెరుచుకోవు. ఈ పేర్లు పదేళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు వెతుక్కుంటారు, అవి దొరకాలి.

ఫంక్షన్ అయ్యాక నా జూనియర్ ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ఆ టెక్నీషియన్ గారి కోసం హాలంతా వెతికింది. ఆయన అప్పటికే ల్యాబ్‌కి వెళ్ళిపోయారట, ఇద్దరూ అక్కడికే వెళ్ళి ఫోటో దిగారు. ఫారంలో స్టూడెంట్, అలుమ్ని, ఫ్యాకల్టీ అని మూడు కాలమ్‌లే ఉన్నాయి, చివర్న 'ఇతరులు' అని ఒకటుంది. ఎవరిది వాళ్ళే రాసుకోవాలన్నా సరే, వచ్చే ఏడాది ఫారం తెరిచిన రోజే ఆయన గురించి నేను అందులో రాసి పంపుతున్నాను, తొమ్మిదేళ్ళ కిందట నాకూ పొద్దున్నే ఆ తాళం తీసింది ఆయనే.