యనాగి చెట్ల కోసం జపాన్ వెళితే: కినొసాకియా, కురాషికియా?

జపాన్‌లో యనాగి, అంటే కొమ్మలు నేల దాకా వేలాడే విల్లో చెట్టు, ఎక్కువగా కాలువ గట్ల మీదే కనిపిస్తుంది. దయ్యాలు దాని కిందే నిలబడతాయని అక్కడి కథలు. ఈ చెట్ల నడుమ ఒక రాత్రి ఉండాలంటే మా ఓటు కినొసాకి ఓన్సెన్‌కే (ఓన్సెన్ అంటే వేడినీటి ఊటల ఊరు).

క్యోతో నుంచి నేరుగా వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటలు. ఓతాని వాగుకు రెండు పక్కలా యనాగిలు, మీద రాతి వంతెనలు, ఊళ్ళో 7 వేడినీటి స్నానశాలలు. ర్యోకాన్‌లో, అంటే జపాన్ సంప్రదాయ బసలో, దిగితే వాటి పాస్ ఉచితం, పగలు వచ్చి పోయేవాళ్ళు టికెట్ కొనాలి. వాటిలో యనాగి-యు చాలా చిన్నది, మధ్యాహ్నం 3కి తెరుస్తారు. చైనాలోని పశ్చిమ సరస్సు నుంచి తెచ్చిన విల్లో కింద ఊట పుట్టిందని ఆ పేరు. భోజనానికి ముందు కిక్కిరిసి ఉంటుంది, తిన్నాక కాసేపాగి వెళ్ళండి. స్నానశాలలకు వారానికో సెలవు, ఒక్కోదానికి ఒక్కో రోజు. గది తీసుకునేటప్పుడే అడగాలి. పచ్చబొట్లున్నా రానిస్తారు. బట్టలన్నీ విప్పాలి, ముందు కూర్చుని ఒళ్ళు కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. మొహమాటపడేవాళ్ళు కుటుంబానికి విడిగా స్నానపు గది ఇచ్చే ర్యోకాన్ చూసుకోవాలి. యుకాతా, అంటే ఒంటికి చుట్టి కట్టే పల్చటి నూలు అంగీ, ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కట్టేది శవానికి.

శాకాహారులకు అసలు చిక్కు దాషి, అంటే వంటల్లో పోసే చారు. కూరగాయల పులుసులోనూ చేపల సారం ఉంటుంది. కాబట్టి ‘సుదోమారి’, అంటే భోజనం లేని గది, తీసుకుని తిండి వెంట తెచ్చుకోవడం మేలు.

నవంబరు నుంచి మార్చి దాకా పీతల కాలం. గది ధరలు ఆకాశంలో, చెట్లేమో చాలా వరకు మోడులు! ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా పచ్చగా ఉంటాయి. ఏప్రిల్ చివర మొదలయ్యే గోల్డెన్ వీక్, అంటే జపాన్‌లో వరుస సెలవుల వారం, మాత్రం తప్పించండి.

రైల్లో దాదాపు పది నిమిషాల దూరంలో తోయోఒకా. మరుయామా నది ఒడ్డున పెరిగిన కోరి-యనాగి అనే రకం విల్లో చువ్వలతో అల్లిన పెట్టెల నుంచే ఆ ఊరి సంచుల పరిశ్రమ పుట్టింది. సంచులు కొనని వాళ్ళు దిగక్కర్లేదు.

ఒకాయామా దగ్గరి కురాషికి పాత ఊళ్ళోని కాలువ ఫొటోకి ఇంకా అందం. స్టేషన్ నుంచి పావుగంట నడక. మధ్యాహ్నం జనం తోసుకుంటారు, పొద్దున్నే వెళితే గట్టు ఖాళీ. ఒక పూట చాలు.

క్యోతోలో రొక్కాకుదో గుడి ముంగిట యనాగికి పెళ్ళి సంబంధం కుదరాలని జోస్యం చీటీలు కడతారు. రెండు కొమ్మల్ని కలిపి కట్టాలి, ఒకే కొమ్మకు కాదు. కరాసుమా ఓయికె మెట్రో నుంచి ఐదు నిమిషాల లోపే, అరగంటలో అయిపోతుంది.